రైతు పోతే 5 లక్షలు, పంట పోతే 5 మార్కులు

జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ కళాశాల ఉంది, పరిశోధన కేంద్రం ఉంది. జగిత్యాల సన్నాలు, పొలాస ప్రభ ఆ మడుల్లో పుట్టినవే. ఆ మడులకు ఒక దండం పెట్టే మొదలుపెడుతున్నాను. నా పేచీ మడితో కాదు, తరగతి గదిలో చెప్పే ఒక పాఠంతో.

బీఎస్సీ అగ్రికల్చర్ పిల్లలకు ఫార్మ్ మేనేజ్‌మెంట్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది. అందులో చివరాఖరున, సెమిస్టరు అయిపోవస్తోందని సార్లు పరుగుపెట్టే చోట, ఒక యూనిట్: సాగులో రిస్కు, అనిశ్చితి, వాటిని తట్టుకునే ఉపాయాలు, పంటల బీమా, పశువుల బీమా, వాతావరణ ఆధారిత బీమా. పొలాసలో ఇదే, సిరిసిల్ల వ్యవసాయ కళాశాలలోనూ ఇదే. పిల్లలు బట్టీ పడతారు. వానాకాలం పంటకు రైతు కట్టే ప్రీమియం 2 శాతం, యాసంగికి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. మిగిలింది కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. రాళ్లవాన పడితే 72 గంటల్లో తెలియజేయాలి. కోసి ఆరబెట్టిన పంట తడిస్తే 14 రోజుల దాకా రక్షణ ఉంటుంది. ఇవన్నీ పరీక్షలో రాస్తే 5 మార్కులు.

కాలేజీ గేటు దాటి బస్సెక్కి మెట్‌పల్లిలో దిగితే మాత్రం ఇందులో ఏ అంకె పెట్టీ పావుశేరు మక్కలు కూడా కొనలేం. 2020 వానాకాలంలో తెలంగాణ సర్కారు ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నుంచి బయటికొచ్చింది. బదులుగా సొంతంగా ఒక పంటల బీమా పెట్టిందా అంటే అదీ లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మన పిల్లలు ఇంకో అడుగు ముందుకేసి సోమలింగం ప్రీమియం రేటు, క్లెయిము గడువు, పరిహారం లెక్కగట్టే సూత్రం కూడా నేర్చుకుంటున్నారు.

పాఠం మొదట్లో ఫ్రాంక్ నైట్ అనే అమెరికా ఆర్థికవేత్త పేరొస్తుంది. 1921లో ఆయనొక తేడా చెప్పాడు. ఎంత అవకాశముందో లెక్కకట్టగలిగేది రిస్కు, లెక్కకే అందనిది అనిశ్చితి. రిస్కుకు బీమా చేయొచ్చు, అనిశ్చితికి చేయలేం. పాపం, ఆయన మెట్‌పల్లి మార్కెట్ యార్డు చూడలేదు. చూసి ఉంటే పుస్తకం రెండు వాక్యాల్లో అయిపోయేది: వాన రిస్కు, జీవో అనిశ్చితి. వానకు వందేళ్లకు పైబడిన రికార్డులున్నాయి. ఏ నెలలో ఎంత పడుతుందో, ఏ వేసవిలో రాళ్లు రాలతాయో అంచనా కట్టొచ్చు. సచివాలయంలో రేపు పొద్దున ఏ పంట వద్దంటారో అంచనా కట్టే యంత్రం ఇంకా రాలేదు.

ఫైనలియర్ పిల్లలను పల్లెలకు పంపే ఒక మంచి ఏర్పాటు కూడా ఉంది. ఊళ్లో ఉండి, రైతుతో తిరిగి, సాగు నేర్చుకోవాలి. చేతిలో ఒక ప్రశ్నావళి ఉంటుంది. మెట్‌పల్లి, కోరుట్ల మధ్య ఏ ఊరి దగ్గర ఆగినా ఈ ముచ్చట కొంచెం అటూ ఇటూగా ఇలాగే నడుస్తుంది. రోడ్డు మీద సగం దాకా మక్కలు ఆరబోసి ఉంటాయి. చుట్టూ వరసగా రాళ్లు పేర్చి ఉంటాయి, లారీ తొక్కకుండా. ఆ రాళ్ల వరసే ఆ పంటకున్న ఏకైక రక్షణ పథకం. కాళ్లతో మక్కలను తిరగేస్తూ ఒక ముసలాయన. పక్కన టోపీ పెట్టుకుని, ఫైలు పట్టుకుని ఒక అమ్మాయి.

"తాతా, పంటల బీమా చేయించినవా?"

"బీమా ఉన్నది బిడ్డా. మా చిన్నోనికి ఉన్నది."

"కొడుక్కు కాదు తాతా, పంటకు."

"పంటకెక్కడిది? నాకే లేకపాయె. నాకు అరువై దాటినయి."

అమ్మాయి 'లేదు' అన్న గడిలో టిక్కు పెడుతుంది. తర్వాతి ప్రశ్న: పంట నష్టం జరిగినప్పుడు పరిహారం ఎంత వచ్చింది?

"రాళ్లువడ్డప్పుడు సార్లు అచ్చి రాసుకపోయిండ్రు. రాసుడైతే మంచిగనే రాసిండ్రు."

ఆ తర్వాతది అసలు పాఠం. రిస్కు తగ్గించుకోవడానికి మీరు పాటించే పద్ధతి ఏది? పంటల మార్పిడి, బీమా, గిడ్డంగిలో నిల్వ, ఇతరములు.

"ఇద్దరు కొడుకులల్ల ఒకణ్ణి దుబాయి తోలిన."

అమ్మాయి కాసేపు ఆలోచించి 'ఇతరములు' దగ్గర టిక్కు పెడుతుంది.

ఆ ఒక్క టిక్కు కింద జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల చరిత్ర సగం ఉంది. దశాబ్దాలుగా ఈ ప్రాంతానికి పంటల బీమా కంపెనీ గల్ఫ్‌లోనే ఉంది. ప్రీమియం ఏజెంటుకు కట్టాలి, అది కూడా మూడు రూపాయల మిత్తికి తెచ్చి. పాలసీదారు ఎండలో ఇటుకలు మోయాలి. పంట పోయిన ఏడు అక్కడినుంచి వచ్చే పైసలతో ఇక్కడ అప్పు తీరుతుంది, బోరు పడుతుంది, మళ్లీ విత్తనం కొంటారు. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ పథకం పేరు లేదు. క్లెయిము మాత్రం నెలనెలా వస్తుంది, పాలసీదారు బతికి ఉన్నంత కాలం.

బతికి ఉన్నంత కాలం అన్నాను కనుక ఇక సర్కారు బీమా దగ్గరికి వద్దాం. సర్కారుకు బీమా చేయడం రాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. బాగా వచ్చు. కాకపోతే దేనికి చేయాలన్నదే కొంచెం తికమక. 2018 ఆగస్టులో రైతు బీమా మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు. పాము కరిచినా, కరెంటు షాకు కొట్టినా, గుండె ఆగినా, ఇంకెలా పోయినా సరే. ప్రీమియం మొత్తం సర్కారే ఎల్ఐసీకి కడుతుంది. మొదటి ఏడాది ఒక్కో రైతుకు 2,271 రూపాయల 50 పైసలు కట్టింది. పది రోజుల్లో డబ్బు ఖాతాలో పడాలని గడువు కూడా పెట్టింది. ఆ 5 లక్షలతో నిలబడ్డ ఇళ్లు మన ప్రతి ఊళ్లో ఉన్నాయి. ఆ ఇళ్ల ముందు నిలబడి ఈ పథకాన్ని వెక్కిరించే ధైర్యం నాకు లేదు, అక్కర కూడా లేదు.

నన్ను తొలుస్తున్నది వేరే సంగతి. ఊరూరా తిరిగి లక్షలమంది పేర్లు రాయగలిగారు. నామినీ పేర్లు ఎక్కించగలిగారు. ఏటా ప్రీమియం కట్టగలిగారు. సాక్ష్యం కోసం సతాయించకుండా పది రోజుల్లో తేల్చే పద్ధతి కనిపెట్టగలిగారు. ఇంత తెలివి, ఇంత వేగం, ఇంత డబ్బు ఉన్న యంత్రాంగం, అదే రైతు బతికుండగా అతని ఐదెకరాల వరి నేలకొరిగితే మాత్రం ఎందుకు మొహం చాటేస్తుంది? పంట పోయినప్పుడు ఆదుకుంటే మనిషి మిగిలేవాడు కదా అన్న చిన్న లెక్క, ఇంత పెద్ద లెక్కలు చేసిన వాళ్లకు ఎందుకు తట్టలేదు?

ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే అంటారు. రైతుకు ఆ భాగ్యం లేదు. అతనికి ధర ఒక్కవైపే ఉంది.

రైతుకే కాదు, ఈ చుట్టుపక్కల అందరికీ అదే ధర. 2022 ఆగస్టులో నేతన్న బీమా తెచ్చారు. సిరిసిల్ల మగ్గం మీది మనిషి పోతే 5 లక్షలు. 2024 సెప్టెంబరులో జీవో ఇచ్చారు: గల్ఫ్‌లో మన కార్మికుడు పోతే ఇంటివాళ్లకు 5 లక్షలు. అంటే ఆ ముసలాయన కొడుకు ఇక్కడ పొలంలో పోయినా, దుబాయిలో పోయినా, సిరిసిల్ల వెళ్లి సాంచా నడుపుతూ పోయినా, పార్టీ ఏదైనా, ముఖ్యమంత్రి ఎవరైనా, రేటు మారదు. పసుపుకు నిలకడైన ధర ఇమ్మని ఏళ్ల తరబడి అడుగుతుంటే ఇవ్వలేనివాళ్లు, చావుకు మాత్రం రాష్ట్రమంతా ఒకే ధర స్థిరంగా నిలబెట్టారు.

కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి పిల్లలు పశువుల బీమా చదువుతారు. బర్రెకు చెవిపోగు ఉండాలి, పోగు లేకపోతే క్లెయిము లేదు. ఇది కఠినమైన నిబంధనే. అయినా కౌలు రైతు దాన్ని చూసి అసూయపడతాడు. చెవికి పోగైనా ఉంటే తానూ లెక్కలోకి వచ్చేవాణ్ణి కదా అని. పట్టా పాసుబుక్కు లేదు కాబట్టి రైతుబంధు రాలేదు, రైతు బీమా లేదు. విత్తనం అతనిది, ఎరువు అతనిది, అప్పు అతనిది. రైతన్న పేరు మాత్రం హైదరాబాదులో అపార్ట్‌మెంటులో ఉన్న భూమి యజమానిది.

ఇక 2020 సంగతి. ఆ ఏడాదిని పొలాసలో ఒక ప్రత్యేక పాఠంగా పెట్టాలని నా కోరిక. మే నెలలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ నియంత్రిత సాగు ప్రకటించారు. ఎక్కడ ఏ పంట వేయాలో ఇక సర్కారే చెబుతుంది. వానాకాలంలో మక్క వేయొద్దు, సన్నవడ్లు వేయండి, కంది పెంచండి, పత్తి పెంచండి. చెప్పిన పంట వేయకపోతే రైతుబంధు రాదు. మక్క మీద బతికే మెట్‌పల్లి డివిజన్‌లో మక్క వేయొద్దన్నారు. సరే, పెద్దలు, చెప్పారు. సరిగ్గా అదే వానాకాలంలో పంటల బీమా నుంచి రాష్ట్రం తప్పుకుంది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ పంట వేయాలన్న నిర్ణయం సర్కారుది. అది పోతే నష్టం రైతుది. మధ్యలో బీమా కంపెనీ అనే మూడోవాడు ఉంటే వాణ్ణి కూడా పంపించేశారు. ప్రపంచంలో ఏ మేనేజ్‌మెంట్ కాలేజీ వాళ్లయినా దీన్ని చూస్తే లేచి నిలబడి చప్పట్లు కొడతారు. రిస్కును ఇంత శుభ్రంగా ఒకరి నెత్తిమీద నుంచి ఇంకొకరి నెత్తిమీదికి దించిన ఉదాహరణ వాళ్ల దగ్గర కూడా ఉండదు.

అక్టోబరులో వానలు ముంచాయి. సన్నవడ్లకు దోమపోటు తగిలింది. కోత కూలి కూడా గిట్టదని రాష్ట్రంలో అనేకచోట్ల రైతులు చేతులారా చేన్లకు నిప్పు పెట్టుకున్నారు. జగిత్యాల జిల్లా రైతులు సన్నవడ్లకు ధర కోసం, మక్కల కొనుగోలు కోసం రోడ్డెక్కారు. చివరకు, వేయొద్దన్న మక్కనే క్వింటాలు 1,850 రూపాయల మద్దతు ధరకు కొంటామని అదే సర్కారు ప్రకటించింది. వద్దన్న పంటను కొన్నారు, వేయమన్న పంటను కాల్చుకున్నారు. నైట్ గారూ, అనిశ్చితి అంటే ఇదండీ.

బీమా ఎందుకు వద్దనుకున్నారో కూడా చెప్పాలి కదా. ప్రీమియాలు కంపెనీలకు పోతున్నాయి, రైతుకు ఒరిగేదేమీ లేదన్నారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. ఫసల్ బీమా ఉన్న రోజుల్లో అది ఎట్లా నడిచిందో చూసినవాళ్లెవరూ దానికోసం కన్నీళ్లు పెట్టుకోరు. బ్యాంకులో పంట అప్పు తీసుకుంటే అడక్కుండానే ప్రీమియం కోసేవారు. రసీదు సంగతి దేవుడెరుగు, తనకు బీమా ఉన్నట్టు కూడా చాలామందికి తెలియదు.

దాని లెక్క ఇంకా వింత. వరికి ఊరు యూనిట్. ఊరు మొత్తానికి కనీసం 4 పంట కోత ప్రయోగాలు చేస్తారు. మడిలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు తాడు కట్టి, అందులో పంట కోసి, నూర్చి, తూకం వేస్తారు. వాటి సగటు ఊరి దిగుబడి. గత ఏడేళ్లలో మంచి ఐదేళ్ల సగటు తీసి, దాంట్లో కొంత శాతాన్ని హామీ దిగుబడి అంటారు. ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. మీ ఊరి హామీ దిగుబడి ఎకరాకు 20 క్వింటాళ్లు, బీమా మొత్తం 40 వేలు అనుకోండి. ఆ నాలుగు మడుల సగటు 19 క్వింటాళ్లు వచ్చింది. తగ్గింది 5 శాతం. కాబట్టి ఊళ్లో అందరికీ ఎకరాకు 2 వేలు. మీ పొలం తెగులుకు పూర్తిగా పోయి ఒక్క గింజ ఇంటికి రాకపోయినా మీకూ 2 వేలే. మీ పక్కోడికి 28 క్వింటాళ్లు పండినా అతనికీ 2 వేలే. సమానత్వం కోసం ఎంతమంది ఎన్ని ఉద్యమాలు చేశారో! బీమా కంపెనీ ఒక్క తాడుతో సాధించింది.

రాళ్లవాన లాంటి వాటికి మాత్రం విడిగా ఒక్కో పొలం చూస్తారు. 72 గంటల్లో చెప్పాలి. రాత్రి రాళ్లు పడతాయి, కరెంటు పోతుంది, సెల్‌టవర్ పోతుంది. మొదటి 24 గంటలు ఇంటి రేకులు వెతుక్కోవడానికి, రెండో 24 గంటలు వ్యవసాయ విస్తరణాధికారిని వెతుక్కోవడానికి, మూడో 24 గంటలు టోల్‌ఫ్రీ నంబరులో పాట వినడానికి. పరీక్షలో '72 గంటలు' అని రాస్తే చాలు, ఈ మూడు ముక్కలూ అడగరు.

లోపాలున్నాయి కాబట్టి వదిలేశాం అంటే సరే. వేరే రాష్ట్రాలూ వదిలేశాయి. బిహార్ 2018లోనే బయటికొచ్చి ప్రీమియం లేని సొంత సహాయ పథకం పెట్టుకుంది. పశ్చిమ బెంగాల్ 2019లో బాంగ్లా శస్య బీమా పెట్టుకుంది. గుజరాత్ 2020లో తప్పుకుని సొంత పథకం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ రైతు మీద ప్రీమియం పడకుండా ఉచిత పంటల బీమా నడిపి, 2022 వానాకాలంలో మళ్లీ ఫసల్ బీమాలో చేరింది. అందరూ ఇల్లు ఖాళీ చేశారు, కానీ ఏదో ఒక గుడిసె వేసుకుని చేశారు. మనం మాత్రం కప్పు కారుతోందని ఇల్లు విప్పేసి, ఆకాశం కింద నిలబడి, చూశారా ఇక కారదు అన్నాం.

రైతుబంధు ఇస్తున్నాం కదా, ఇంక బీమా ఎందుకు అన్నవాళ్లున్నారు. ఇప్పుడు దాని పేరు రైతు భరోసా. 2025 జనవరి నుంచి సీజనుకు ఎకరాకు 6 వేలు. ఇది పెట్టుబడి సాయం. పంట బాగా పండినా వస్తుంది, అసలు పంటే వేయకపోయినా పట్టా ఉంటే చాలు అన్న రోజులున్నాయి. బీమా పని వేరు. పోయినవాడికి, పోయినప్పుడు, పోయినంత. బంధువు రావడం వేరు, బాకీ తీరడం వేరు. ఈ తేడా పరీక్షలో రాయని పిల్లవాడికి సున్నా వేస్తారు. శాసనసభలో చెప్పనివాళ్లకు ఎవరూ ఏమీ వేయరు.

బీమా లేకపోతే విపత్తు సాయం ఉందిగా అంటారు. దాని నిబంధన చూడండి. పంట కనీసం 33 శాతం పోవాలి. 32 శాతం పోతే దాన్ని నష్టం అనరు, అనుభవం అంటారు కాబోలు. నీటిపారుదల ఉన్న భూమికి 2022లో కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం హెక్టారుకు 17 వేలు, అంటే ఎకరాకు 7 వేలు కూడా నిండదు. అదీ రెండు హెక్టార్ల దాకే. 2023 మార్చిలో రాళ్లవాన పడ్డప్పుడు కేసీఆర్ కరీంనగర్ జిల్లా రామడుగు మండలం దాకా వచ్చి పొలాలు చూశారు. ఎకరాకు 10 వేలు ప్రకటించారు. కౌలు రైతునూ కలుపుకుంటామన్నారు. మంచి మాటే. కానీ ముఖ్యమంత్రి హెలికాప్టర్ దిగితే వచ్చేది పరిహారం కాదు, దర్శనం. హెలికాప్టర్ దిగని ఊళ్లో పడ్డ రాళ్లు కూడా అంతే గట్టిగా ఉంటాయి. ఆ తర్వాతి నెలలోనే మళ్లీ పడ్డాయి, కోతకొచ్చిన యాసంగి వరి మీద.

ఈ దేశానికి పంటల బీమా కొత్త విద్య ఏం కాదు. 1920లోనే మైసూరు సంస్థానంలో జె.ఎస్. చక్రవర్తి వానను కొలిచి, దాన్నిబట్టి రైతుకు బీమా చెల్లించే పద్ధతి మీద పుస్తకం రాశారు. దేశంలో తొలిసారి వాతావరణ బీమా అమ్మింది కూడా మన గడ్డ మీదే. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి పల్లి, ఆముదం రైతులకు ఇచ్చాయి. ఆ పాఠం పుట్టిన రాష్ట్రంలోనే ఇప్పుడు ఆ పాఠానికి ప్రాక్టికల్స్ లేవు.

నిజానికి మా వైపు రైతును ముంచేది వానొక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు వేసిన రైతు ఏ తెగులుకు నష్టపోయాడు? తాళం తెగులుకు. దానికి ఏ కంపెనీ దగ్గర పాలసీ ఉంది? గేటుకు తాళం వేసిన 72 గంటల్లో ఏ నంబరుకు ఫోన్ చేయాలి? చెరకు పోయి వరి వచ్చింది. 2021 యాసంగికి ఆ వరి కూడా వద్దన్నారు.

పసుపు కథ ఇంకా ఘనం. తొమ్మిది నెలలు భూమిలో ఉంటుంది, తవ్వాలి, ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పాలిష్ పట్టాలి. అప్పుడు యార్డుకు తెస్తే ఖరీదుదారు కొమ్మును చిటుక్కున విరిచి లోపలి రంగు చూసి ఒక అంకె చెబుతాడు. ఆ చిటుక్కుమన్న చప్పుడులో తొమ్మిది నెలలు తేలిపోతాయి. 2019లో ఆ అంకె 5 వేల చుట్టూ తిరుగుతుంటే రైతులు 15 వేలు అడిగారు, పసుపు బోర్డు అడిగారు, రోడ్ల మీద కూర్చున్నారు. ఎవరూ పలకకపోయేసరికి ఏ సిలబస్‌లోనూ లేని రిస్కు మేనేజ్‌మెంట్ చేశారు. నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 178 మంది పోటీకి దిగారు. కోరుట్ల, జగిత్యాల కూడా ఆ స్థానంలోవే. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో పోలింగు కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. గెలిచిన అభ్యర్థి బోర్డు తెస్తానని బాండు పేపరు రాసిచ్చారు. 2023 అక్టోబరులో పాలమూరు సభలో ప్రధాని బోర్డు ప్రకటించారు. 2025 సంక్రాంతికి అది నిజామాబాద్‌లో మొదలైంది. బోర్డు వచ్చింది, సంతోషం. మద్దతు ధర మాత్రం రాలేదు. అంటే క్లెయిము ఆమోదమైంది, డబ్బు తర్వాత పంపుతారట.

2024 మార్చిలో కొత్త సర్కారు మళ్లీ ఫసల్ బీమాలో చేరతామని చెప్పింది. రైతు వాటా ప్రీమియం కూడా తామే కడతామన్నది. ఆ వానాకాలం వరి బీమా లేకుండానే కోతకొచ్చింది, దాని వెనక యాసంగీ అంతే. పాత సర్కారు బీమా వద్దని ఇవ్వలేదు, కొత్త సర్కారు కావాలని ఇవ్వలేదు. రైతుకు ఈ రెండు సిద్ధాంతాల మధ్య తేడా చెప్పడానికి మళ్లీ ఆ పొలాస పిల్లలనే పంపాలి.

చేరదలచుకుంటే ఉన్నదున్నట్టు చేరొద్దని కూడా అంటాను. ప్రీమియంలో రాష్ట్రం వాటా నాట్లకు ముందే కట్టాలి. సర్కారు వాటా కట్టలేదు కాబట్టి కంపెనీ క్లెయిము ఇవ్వలేదన్న సాకు మళ్లీ మన చెవిన పడకూడదు. కౌలు రైతు పేరు గ్రామసభలో రాయాలి, పాసుబుక్కు అడగకుండా. రైతు బీమాకు పెట్టిన ఆ పది రోజుల గడువును పంటకూ పెట్టాలి. నామినీకి పది రోజుల్లో ఇవ్వగలిగిన సర్కారు, బతికున్న మనిషికి పది రోజుల్లో ఎందుకివ్వలేదో చెప్పే బాధ్యత ఇక ఆ సర్కారుదే.

కాలేజీ పిల్లలకూ ఒక పని ఉంది. మీ ప్రశ్నావళిలో 'బీమా ఉందా' అన్న గడి కొట్టేసి, 'బీమా ఎందుకు లేదు' అని రాయండి. 'ఇతరములు' గడిని పేజీ అంత పెద్దది చేయండి. అందులో దుబాయి, మిత్తి, అమ్మిన బర్రె, ఆపిన చదువు అన్నీ పట్టాలి.

మిగతా మనకు ఒక్క మాట. బీమా ఉన్నా లేకున్నా గణాంకాల కోసం పంట కోత ప్రయోగాలు నడుస్తూనే ఉన్నాయి. రేపు ఏ బీమా వచ్చినా దాని లెక్క ఆ దిగుబడుల మీదే నిలబడుతుంది. వచ్చే గ్రామసభలో లేచి అడగండి: ఈ సీజను మా మండలంలో తాడు ఎవరెవరి మడిలో కట్టారు, ఎంత తూకం రాశారు, ఆ కాగితం పంచాయతీ గోడకు ఎప్పుడు అంటిస్తారు? చెప్పిన జవాబు రాసుకుని, కింద సంతకం, తేదీ వేయించుకోండి.